గోడ అవతల ‘సబ్‌కా’

మా బావగారు పోయిన కబురు నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున పెరట్లో పాల కుండలు తోముతున్నాను. మా వెనుక గోడకు అవతల, బావగారు పనిచేసే చాయ్ హోటల్లో ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి. గిరాకీ ముసిరే వేళ, బేరర్ల నోళ్ళన్నీ మూతపడ్డాయి. నా చేతిలో బూడిద అట్లాగే ఉండిపోయింది. బావగారిని చూడడానికి దవాఖానకు వెళ్ళిన మా ఆయన ఇంకా తిరిగి రాలేదు. దారిలో హోటల్ వాళ్ళు ఆపి అడిగారట, ముందు వాళ్ళకు చెప్పి తర్వాత ఇంటికి వచ్చారు. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి నేను ఒక విడత ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్ళీ ఏడుస్తున్నాను.

అప్పటినుంచి నాకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. దినాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, బర్రెలు ఎప్పటిలాగే పాలిస్తున్నాయి. నేను మాత్రం పని ఉన్నా లేకున్నా వెనుక గోడ దగ్గరికి పోయి చెవి ఒగ్గుతున్నాను. మా ఆయన చూసి విసుక్కుంటున్నారు. అక్కడ ఏం వినాలని పోతున్నానో మీకు అర్థం కావాలంటే బావగారి సంగతి మొదటినుంచీ చెప్పాలి.

బావగారంటే మా ఆయనకు అన్న. తరాలుగా పాలమ్ముకునే ఇంట్లో పుట్టి, బర్రె పొదుగు ముట్టనని మొండికేసి హోటల్లో బేరర్‌గా చేరిన మనిషి. పెళ్ళైన కొత్తలోనే భార్య పోయింది. మళ్ళీ చేసుకోమంటే నవ్వి ఊరుకునేవారు. మా దగ్గరే ఉండేవారు. మా పాలు పోయేది కూడా ఆ హోటలుకే. అంటే అన్న మోసే చాయ్‌లో తమ్ముడి పాలే ఉండేవన్నమాట.

ఆ హోటల్ ముందువైపు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మా గల్లీ ఆడవాళ్ళం అటు తొంగిచూసేవాళ్ళం కాము. నేను ఎరిగింది వెనుకవైపే. మా గోడ నా మెడ దాకా వస్తుంది. అవతల ఒక బండపరుపు, నీళ్ళ గోలెం, గుట్టగా ప్యాలాలు, అంటే చాయ్ తాగే కప్పులు, సాసర్లు. వాటి ముందు ఒక ముసలావిడ. ఆమెను అందరమూ ఖాలా అనే, అంటే పిన్నీ అనే, పిలిచేవాళ్ళం. ముందువైపు సంగతులన్నీ నాకు చెవుల ద్వారా తెలిసినవే.

ఆ హోటల్లో బిల్లు చీటీలు లేవు. గిరాకీ తిని, తాగి లేచి గల్లా దిక్కు నడుస్తుంటే, బేరర్ ఉన్నచోటునుంచే ఆ మనిషి గుర్తూ తిన్న వస్తువులూ గట్టిగా అరిచి చెప్పాలి. గల్లా దగ్గర కూర్చున్న సేటు అది విని పైసలు తీసుకుంటాడు. “కాలా కోట్! దో చాయ్, ఏక్ బన్!” అని బావగారు అరిచారంటే మా కొట్టంలో బర్రె చెవులు రిక్కించేది. కార్వాన్ నుంచి వచ్చే వ్యాపారులు, ఫలక్‌నుమా దిక్కు పోయే జట్కావాళ్ళు, కచేరీ గుమాస్తాలు, అందరూ ఆయన నోట్లో ఒక టోపీ, ఒక కోటు, ఒక రుమాలు అయిపోయేవారు.

ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. ఆయనకు మొహాలు గుర్తుండేవి కావు, బట్టలు గుర్తుండేవి. నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన నాడు నెమలిరంగు చీర కట్టుకున్నాను. అంతే, ఆ చీర చిరిగి, గిన్నెలు పట్టుకునే మసిగుడ్డ అయిన తర్వాత కూడా నేను “నెమలిరంగు చీర”నే. ఒక పెళ్ళిలో మా మేనమామను “ఓ పచ్చ రుమాలు, ఇటు రా” అని పిలిచి నానా లొల్లీ తెచ్చారు. హోటల్లో అంత గొంతు పెట్టే మనిషి ఇంట్లో మాత్రం గుసగుసగా మాట్లాడేవారు. గొంతంతా అక్కడ ఖర్చు చేసి వస్తారు కదా, మనకు మిగిలేది అంతేనని మా ఆయన అనేవారు.

కూర్చుని అన్నం తినడం ఆయనకు చేతకాదు. పళ్ళెం చేతిలో పెట్టుకుని పెరట్లో తిరుగుతూ తినేవారు. తిన్న పళ్ళెం తానే కడిగి బోర్లించేవారు. మగవాడు ఎంగిలి పళ్ళెం కడగడమేమిటని మా అత్తగారు నెత్తి కొట్టుకునేది. నాకు మంటెక్కి ఒకసారి చేతిలోంచి గుంజుకోబోతే, “ఇంకొకలు కడుగుతరని తెలిస్తె నాకు ముద్ద దిగదమ్మా” అన్నారు. అప్పుడు అది ఆయన పిచ్చి అనుకున్నాను.

ఇక ఇనాం సంగతి. బేరర్లకు రెండు పూటలా తిండి, నెలకు చారెడు తన్ఖా. అంత జీతంతో ఇల్లు గడవదు. గిరాకీ సంతోషించి బల్ల మీద వదిలిపోయే అణా, అర్ధణాయే వాళ్ళ బతుకు. అందుకని సలాములు, నవ్వులు, బల్ల తుడిచిందే తుడవడం. వెనుక కడిగే ఖాలాకు అది కూడా లేదు. మిగిలిన రొట్టె, కింద మిగిలిన చాయ్, పండుగకు ఒక బట్ట. దేశాల నడుమ లడాయి మొదలై జొన్నలకు కూడా వరసలో నిలబడే రోజులు వచ్చాయి. ఒకనాడు గోడ మీదుగా చూస్తే ఆమె వేళ్ళ సందుల్లో చాకలిసోడా నీళ్ళకు పుండ్లు పడి ఉన్నాయి. నేను కొంచెం వెన్న ఇచ్చి, “ఖాలా, సేటును అడగరాదా?” అన్నాను.

ఆమె నవ్వింది. “ఏమడుగుదు బేటీ? ప్యాలీ ఫూటీ తో గాలీ, నై ఫూటీ తో కుచ్ నై.”

పగిలితే తిట్లు, పగలకపోతే ఏమీ లేదు. ఆ సాయంత్రం బావగారు పళ్ళెం పట్టుకుని తిరుగుతుంటే తలుపు చాటు నుంచి అనేశాను.

“బావా, మీరు నవ్వితె అణా వస్తది. ఎనుక ఆమె కడుగుతె పుండ్లొస్తున్నయి. మీకు ఇనాం ఇచ్చెటోళ్ళు ఎంగిలి ప్యాలల తాగుతరా?”

ఆయన తిరగడం ఆపారు. ఆయన అట్లా నిలబడిపోవడం నేను అదే మొదటిసారి చూశాను. ముద్ద పూర్తి చేయకుండా పళ్ళెం కడిగేసి బయటికి వెళ్ళిపోయారు. కోపం వచ్చిందేమోనని నాకు ఒకటే గుబులు.

మర్నాడు గోడ అవతలి నుంచి కొత్త అరుపు వినబడింది. “కాలా కోట్! దో చాయ్, ఏక్ బన్! ఇనాం ఏక్ అణా... సబ్‌కా!”

సబ్‌కా అంటే అందరిదీ అని. గల్లా పక్కన ఖాళీ బిస్కుట్ల డబ్బా ఒకటి పెట్టి, తన ఇనాం అందులో వేయడం మొదలుపెట్టారు. వారం చివర అది బేరర్లకూ, వంటవాళ్ళకూ, కడిగే ఖాలాకూ సమానంగా పంచాలని ఆయన లెక్క. మిగతా బేరర్లు మొదట మూతులు తిప్పారు. కానీ ఇక్కడే ఒక తమాషా జరిగింది. మన పట్నంవాళ్ళకు ఇచ్చేదానికంటే ఇచ్చినట్టు నలుగురికీ తెలియడం ముద్దు. తమ ఇనాం హోటలంతా మోగుతుంటే అర్ధణా వాళ్ళు అణా పెట్టసాగారు. ఏమీ పెట్టని వాళ్ళు సిగ్గుపడి జేబులు తడుముకున్నారు. ఇనాములు పెరిగేసరికి బేరర్లందరూ ‘సబ్‌కా’ పాట అందుకున్నారు. ఖాలా ఒక కొత్త చెప్పుల జత కొనుక్కుని, గోడ మీదుగా కాలెత్తి నాకు చూపించబోయి, పడబోయింది.

మా సంబరంలో మేము ఒకటి మరిచిపోయాం. ఆ అరుపు సేటు చెవికే కదా పోయేది! దాచుకోవాల్సిన సంగతి బావగారు దండోరా వేశారు. అరవడం తప్ప ఇంకో దారి తెలియని మనిషి చేయగల పొరపాటు అది. నెల మొదట్లో బేరర్లు తన్ఖా అడిగితే సేటు గల్లా మీద చెయ్యి పెట్టి, “మీ ఇనాం నా కాన్లతోని నేనే వింటున్న కద భాయ్! గింత వస్తుంటె ఇంక తన్ఖా దేనికి?” అన్నాడట. ఆ నెల జీతం ఎగిరిపోయింది. ఇక ముందు కూడా ఉండదని చెప్పేశాడు.

ఆ రోజు హోటల్ కట్టేశాక బేరర్లందరూ మా పెరట్లోకి వచ్చి పడ్డారు.

“అన్నా, నీ నోరే మా కొంప ముంచింది. ఇనాం చప్పుడు గాక జేబుల ఏసుకున్నన్ని దినాలు తన్ఖా అన్న ముట్టె. ఇప్పుడేమాయె?”

“నీకు పెండ్లాం లేదు, పిల్లలు లేరు. నీకేం ఫికరు?” అన్నాడొకడు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. బావగారు మాత్రం పెరట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. చివరికి, ఆ గుసగుస గొంతుతోనే అన్నారు.

“నిజమే. నోటితోనె మునిగినం. నోటితోనె తేలాలె.”

“ఎట్ల?”

“రేపటి సంది పని బంద్ చెయ్యకుండ్రి. చాయ్ ఇయ్యుండ్రి, బల్లలు తుడువుండ్రి, సలాం కొట్టుండ్రి. అరుపు ఒక్కటి బంద్. సేటు పెట్టే తిండి చేతులకు, కాళ్ళకు. మరి గొంతుకేమిస్తున్నడు? గొంతు మనది.”

మా ఆయన అప్పటిదాకా కొట్టంలో ఉన్నారు. గడ్డిమోపు కింద పడేసి వచ్చారు. “అన్నా, సేటు కోపం నా పాల మీద పడ్తది. ఉన్న గిరాకీ గదొక్కటే. రేపు జల్‌పల్లి నుంచి గడ్డి బండి ఒస్తది, వానికేమియ్యాలె? బర్లకు ఏం పెడ్దం, నీ నోరా?”

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూడలేదు. మా ఇంటి తిండి ఒకవైపు, ఖాలా చేతుల పుండ్లు ఒకవైపు. నిప్పు రాజేసింది నేనే కదా. అందుకే తలుపు చాటు నుంచి అన్నాను. “పాలు వాపసొస్తె తోడు పెడ్త. తోడుకున్నది యాడికి పోదు.”

తెల్లవారింది. గోడ దగ్గర నిలబడ్డాను. ప్యాలాల గలగల, కుర్చీల చప్పుడు, చెంచాల చప్పుడు. మనిషి గొంతు మాత్రం లేదు. ఊరంతా చచ్చిపోయి సామాన్లు మాత్రం మిగిలినట్టు అనిపించింది. కాసేపటికి సేటు కేకలు మొదలయ్యాయి. “ఏం తిన్నరు సాబ్? మీరేం తిన్నరు?” మంచివాళ్ళు తిన్నది చెప్పారు. గడుసువాళ్ళు బన్నులు, సమోసాలు లాగించి, “ఏక్ చాయ్” అని బయటపడ్డారు. ఒక పెద్దమనిషి తన ఇనాం ఎవరూ అరవలేదని అలిగి మళ్ళీ రానన్నాడట. సేటు వంటింట్లోకి ఉరికొచ్చి చిందులు తొక్కాడు. ఏం చేస్తాడు? పని ఆపితే పట్టుకుని అడగొచ్చు. అందరూ పని చేస్తూనే ఉన్నారు, నోరు మూసుకున్నారంతే.

మా ఆయన అన్నట్టే సాయంత్రం మా పాలు వాపసు వచ్చాయి. ఇంట్లో ఉన్న కుండలన్నీ తోడు పెట్టాను. మర్నాడు గల్లీ అంతా మా మజ్జిగే. మా ఆయన నాతో మాట్లాడలేదు, అన్నతో అసలే మాట్లాడలేదు. గడ్డివాడు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. బావగారు మజ్జిగ ముంత పట్టుకుని తిరుగుతూ, “నెమలిరంగు చీర, ఉప్పు తక్కువైంది” అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

రెండు మూడు రోజులకు సేటు దిగివచ్చాడు. బేరర్ల తన్ఖా తిరిగి ఇస్తానన్నాడు. బావగారు అక్కడ ఆగలేదు. కడిగేవాళ్ళకు కూడా నెలకు జీతం కావాలన్నారు. ఇనాం డబ్బా జోలికి సేటు రాకూడదన్నారు. సేటు అన్నిటికీ ఒప్పుకుని ఒక్క షరతు పెట్టాడు. “ఈ నోరు నాకు ముందర వద్దు. పోయి ఎనుక ప్యాలాలు కడుగుమను.”

అందరికంటే మంచి బేరర్‌ను, ఆ వీధికే గొంతు లాంటి మనిషిని, నీళ్ళ గోలెం దగ్గరికి పంపించారు. బేరర్లు వద్దనలేదు. వాళ్ళ తన్ఖా వాళ్ళకు వచ్చింది కదా! ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిలకడ ఉండదు. ఇదేం న్యాయమని ఆ రోజే అడిగాను.

“బావా, గింత చేసి మీరేం గెలిచిండ్రు?”

“ఇనాం వాన అసువంటిదమ్మా, తన్ఖా బాయి అసువంటిది. వాన పడ్డదని బాయి పూడుస్తమా?” అన్నారు. కాసేపు తిరిగి మళ్ళీ అన్నారు. “ముందల ఉన్నప్పుడు ఎవడన్న మొహం మాడ్చుకుంటె నాకు నిద్ర పట్టకపోయేది. ఇగ నేను నవ్వినా నవ్వకున్నా ఒకటే. మస్తు సుఖమున్నది.”

పాలు పిండే పీట ఒకటి మా కొట్టంలోంచి తీసుకుపోయి ఖాలాకు వేశారు. అప్పటిదాకా ఆమె తడి బండ మీదే గొంతుక్కూర్చుని కడిగేది. ఆయన మాత్రం నిలబడే కడిగేవారు. ప్యాలా కడిగి, దాన్ని పట్టుకుని రెండడుగులు వేసి, బోర్లించి వచ్చేవారు. కొత్తలో ఖాలా, “భాయ్, నీ తిరుగుడుకు నాకు కండ్లు తిరిగి చక్కరొస్తది” అని తిట్టేది. మా పాలు మళ్ళీ హోటలుకు పోయాయి. మా ఆయన అన్నతో మాట్లాడడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఒకనాడు పెరట్లో ఆయన కూడా పళ్ళెం పట్టుకుని అన్న వెనకాలే తిరుగుతూ కనిపిస్తే, మాట కలిసిందని నాకు అర్థమైంది.

సేటు ఆ నోటిని వెనక్కి పంపాడే కానీ, గోడలు దానికొక లెక్కా? బేరర్లు మనుషులే. కొత్తవాళ్ళు వస్తుంటారు, అణా చేతిలో పడగానే జేబు గుర్తొస్తుంది. ఇనాం అరుపు లేకుండా ఒక పూట గడిచిందంటే, వెనుకనుంచి బావగారు చేతిలో ప్యాలాతో తలెత్తి, “సబ్‌కా బోలో!” అని ఒక్క కేక పెట్టేవారు. వెంటనే ముందునుంచి “సబ్‌కా!” అని బదులొచ్చేది, డబ్బాలో అణా ఖణేలుమనేది. ఇన్నేళ్ళూ ఆ డబ్బా నడిచింది ఆ కేక మీదే. మా ఇంట్లో పొద్దెంత అయిందో కూడా ఆ కేకతోనే తెలిసేది.

ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని ఆయనకు దగ్గు పట్టుకుంది. దవాఖానలో చేర్చాక నేను చూడబోయాను. అక్కడ పళ్ళేలు కడిగే మనిషిని పక్కన నిలబెట్టుకుని, “నీకు తన్ఖా ముడుతున్నదా?” అని అడుగుతున్నారు. నన్ను చూసి, “నెమలిరంగు చీర వచ్చింది” అన్నారు. నేను ఎర్రచీర కట్టుకుని ఉన్నాను. నా కళ్ళు చూసి, “ఎందుకు ఏడుస్తవమ్మా, అందరు పోయేదే” అన్నారు. గొంతు ఎప్పటిలాగే గుసగుస. అది ఇంటి గొంతో, ఓపిక లేని గొంతో నాకు తెలియలేదు.

ఆయన పోయిన పూట ఆగిన అరుపులు మర్నాడే మళ్ళీ మొదలయ్యాయి. బతుకు కదా, తప్పదు. కాలా కోటు, లాల్ టోపీ, దో చాయ్, అన్నీ వినబడుతున్నాయి. ఒక్క ‘సబ్‌కా’ వినబడడం లేదు. నేను గోడకు చెవి పెట్టి వెతుక్కుంటున్నది దాన్నే. ఒక రోజు లేదు, రెండో రోజు లేదు. దుఃఖంలో మరిచిపోయారేమో అనుకున్నాను. దినాలు కూడా అయిపోయాయి. ఇనాములు మళ్ళీ జేబుల్లోకి పోతున్నాయని నాకు అర్థమైంది. ఇవాళ డబ్బా పోతే రేపు కడిగేవాళ్ళ తన్ఖా పోదని ఏమిటి? ఒక మనిషి గొంతు మీద నిలబడ్డ న్యాయం ఆ మనిషితోనే పోతుందా? ఈ ప్రశ్నతోనే నాకు ఇల్లు పట్టడం లేదు.

నిన్న సాయంత్రం పాలు పిండి గోడ దగ్గరికి పోయాను. ఖాలా పీట మీద కూర్చుని కడుగుతోంది. ఆమెకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, ప్యాలా అంచు వేలితో తడిమి చూసుకుంటుంది. ముందునుంచి ఒక అరుపు వచ్చింది. “సఫేద్ టోపీ! దో చాయ్!” అంతే. ఇంకొకటి వచ్చింది. అంతే. ఖాలా చేతులు ఆగాయి. పిలుద్దామని నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూడలేదు. కడుగుతున్న ప్యాలా పట్టుకునే పీట మీదనుంచి లేచింది. ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని నాలుగడుగులు వేసి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. ఆ హోటల్లో ఇన్నేళ్ళుగా ఉన్న మనిషి, ముందువాళ్ళెవరూ గొంతు కూడా విని ఉండని మనిషి.

“సబ్‌కా బోలో!” అని అరిచింది.

పగిలిన గొంతు. ముందువైపు అరుపులన్నీ ఆగిపోయాయి. వెనుక మా కొట్టంలో బర్రె నెమరేయడం కూడా నాకు వినబడుతోంది. ఖాలా గుమ్మంలోంచి కదలలేదు, ఆమె చేతిలోని ప్యాలా నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా ఆ పాత చెప్పుల మీద పడుతున్నాయి.

“సబ్‌కా...” అని ఎవరో కొత్త బేరర్, సిగ్గుపడుతూ అన్నాడు. డబ్బాలో అణా మోగింది. తర్వాత ఇంకో గొంతు, ఈసారి గట్టిగా.

ఖాలా వెనక్కి వచ్చి పీట మీద కూర్చుంది. చేతిలోని ప్యాలాను ఇంకొకసారి ముంచి, అంచు తడిమి చూసుకుని, బోర్లించింది.